బాపు పేరు మీద చిన్నబాపు గుండె

ఆసుపత్రిలో గుండె పరీక్ష గదిలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. మనిషిని బల్ల మీద పడుకోబెట్టడం, చేతులకూ కాళ్లకూ పట్టీలు కట్టడం, ఛాతీ మీద తడి రాసి తీగలు పెట్టడం, మిషన్ లోంచి గీతల కాగితం వస్తుంటే పట్టుకోవడం నా పని. ఎవరైనా లేచి కూర్చుని "ఏమన్నా ఉందా అమ్మా?" అని అడిగితే "డాక్టరు గారు చెప్తారు" అనడం కూడా ఆ పనిలో భాగమే. కానీ బల్ల ఎక్కబోయే ప్రతి మనిషినీ నేను పేరు అడిగేదాన్ని. తండ్రి పేరు, ఊరు అడిగి, మళ్లీ పేరు అడిగేదాన్ని. "పెళ్లిచూపులకు వచ్చిండా ఏందే?" అని తోటి ఆమె ఎకసెక్కమాడేది. నాకు ఒళ్లు మండేది. అయినా ఎందుకు అడుగుతున్నానో చెప్పలేదు, చెప్పాలంటే మా ఇంటి సంగతంతా చెప్పాలి.

ఇప్పుడు చెప్తాను. మా బాపుకు, అంటే మా నాన్నకు, గుండె పరీక్ష చేయాలన్న రోజున బల్ల మీద పడుకున్నది మా బాపు కాదు, ఆయన తమ్ముడు, మా చిన్నబాపు. కాగితం మీద పేరు బాపుది. గీతలు చిన్నబాపువి. ఆ గీతల్లో చావు కనబడుతోందని డాక్టరు చెప్తే మా ఇల్లంతా బాపు కోసం ఏడ్చింది.

మేము బెల్లంపల్లిలో ఉండేవాళ్లం. రజాకార్ల గొడవలు సద్దుమణిగాక బాపు జమ్మికుంట పక్కన ఉన్న మా పల్లె విడిచి బొగ్గు పనికి వచ్చాడు. మా తాత అప్పటికే లేడు. ఆయన పత్తి చేనులో గుంటుక తోలుతూ తోలుతూ నిలబడ్డ చోటే కూలిపోయాడట. ఎడ్లు మాత్రం చాలు చివరిదాకా వెళ్లి ఆగాయట. అందరూ పాము కరిచిందన్నారు, పాము కాటు మాత్రం ఎవరికీ కనబడలేదు. నిండా నలభై కూడా లేని మనిషి అలా పోతే, పాము కాక ఇంకేముంటుందని వాళ్లనుకున్నారు.

బాపు స్థిరపడ్డాక తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు. చిన్నబాపు వచ్చేనాటికి నేను పుట్టానట. నాకు ఊహ తెలిసే సరికి బొగ్గు కంపెనీ కట్టిన లైన్ క్వార్టర్లలో మా ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. ముందు గదిలో మేము, వెనక తడకలు కట్టుకుని చిన్నబాపు, చిన్నమ్మ. చిన్నమ్మది లక్సెట్టిపేట. గోదావరి నీళ్లు తాగి పెరిగిన దాన్నని చెప్పుకుంటూ మా నల్లా నీళ్లను రోజూ తిట్టేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ముద్దంతా నాకే దక్కింది, దాంతో నేను బాగా చెడిపోయాను కూడా. మా అవ్వ, అంటే మా అమ్మ, కొట్టడానికి చేయెత్తితే తడక వెనక్కి పరుగెత్తేదాన్ని.

బొగ్గు గనిని మా దగ్గర అందరూ బాయి అనే అంటారు. బాయిలో బదిలీ పద్ధతి అని ఒకటుంది. పర్మినెంటు మనిషి నాగా పెడితే ఆ రోజుకు అతని జాగాలో బదిలీ మనిషి దిగుతాడు. పార అదే, బొగ్గు నింపే టబ్బు బండి అదే, జట్టు అదే, మనిషి మాత్రం వేరు. బాపు పర్మినెంటు, చిన్నబాపు బదిలీ. ఒకరి బదులు ఒకరు నిలబడడం మా లైన్లో ఎంత మామూలంటే, ఒకరి బదులు ఒకరు పెళ్లికి పోయి కట్నం చదివించి వచ్చేవారు. చావుకు పోయి ఏడ్చి వచ్చేవారు. అన్నదమ్ములిద్దరూ ఒకే పోలిక, దానికి తోడు బొగ్గు మసి. షిఫ్టు దిగి వస్తుంటే మా అవ్వే ఒకసారి చిన్నబాపును పట్టుకుని "ఇంతసేపు ఏడ సచ్చినవ్?" అని అడిగి, నాలుక కరుచుకుంది. ఆ ముచ్చట చిన్నబాపు ఏడాది పాటు చెప్పుకున్నాడు.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం బాపుకు బాయిలోనే ఛాతీలో నొప్పి వచ్చింది. చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగి, పార వదిలేసి కూర్చుండిపోయాడు. మీదికి తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు. గుండెపోటు అన్నాడు అప్పటి డాక్టరు. మిషన్ లాంటిదేమీ లేదు, నాడి చూసి, చెవులకు గొట్టం పెట్టుకుని విని చెప్పాడు. బాపు మంచంలో ఉన్నన్ని రోజులూ ఆయన జాగాలో చిన్నబాపు దిగాడు. మా అవ్వ మొక్కని దేవుడు లేడు. బాపు కోలుకున్నాడు. మళ్లీ బీడీ అడిగిన రోజున అవ్వ ఏడుస్తూ నవ్వింది.

ఈలోగా ఆ డాక్టరు బదిలీ అయి, కోస్తా వైపు నుంచి కొత్త డాక్టరు వచ్చాడు. ఆయనతో పాటే గుండె మిషన్ కూడా వచ్చింది. గుండె జబ్బు చేసినవాడు మళ్లీ బాయి దిగాలంటే ఆ మిషన్ కింద పడుకుని లేవాలని, ఫిట్ అని డాక్టరు రాయాలని రూలు పెట్టారు. అన్‌ఫిట్ అన్నది మా లైన్లో ఎవరూ గట్టిగా పలకని మాట. ఆ మాట పడ్డవాడికి పైపని ఇస్తే ఇస్తారు, లేకుంటే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బాపుకు ఇంకో బాధ కూడా ఉంది. కిందికి దిగేవాడే మొగోడు, పైన ఉండేవాడు గుమాస్తా అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం బాయి పనివాళ్లందరికీ ఉండేది, ఇప్పటికీ ఉందేమో.

పరీక్ష రోజు దగ్గర పడుతుంటే బాపు తిండి మానేశాడు. ఒకరోజు సాయంత్రం ఇద్దరూ వాకిట్లో కూర్చున్నారు. నేను పక్కనే పలక మీద లెక్కలు చేస్తున్నాను.

"గా మిషన్ నన్ను పట్టిస్తది తమ్మీ" అన్నాడు బాపు.

"నువ్వెందుకు పోతవే? నేను పోత" అన్నాడు చిన్నబాపు. "బాయిల నీ బదులు దిగుత లేనా? గా బల్ల మీద నీ బదులు పండుకుంటే ఏమైతది? కొత్త డాక్టరుకు నీ మొఖం తెల్వది, నా మొఖం తెల్వది. నీ బిళ్ళ ఇయ్యి, సాలు."

బిళ్ళ అంటే ప్రతి కార్మికుడికీ ఇచ్చే నంబరు కొట్టిన ఇత్తడి ముక్క. కంపెనీకి మనిషంటే ఆ ముక్కే. బాపు కాసేపు వద్దన్నాడు. గట్టిగా వద్దనలేదు. మర్నాడు చిన్నబాపు బాపు బిళ్ళ తీసుకుని, బాపు అంగీ వేసుకుని ఆసుపత్రికి పోయాడు. ఆయన గుండె మీద ఎవరికీ అనుమానం లేదు. బస్తా జొన్నలు భుజాన వేసుకుని స్టేషన్ నుంచి నడిచి వచ్చే మనిషి.

సాయంత్రం ఆయన ఆ పరీక్షను మాకు ఆడి చూపించాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతులకూ కాళ్లకూ నవారు ముక్కలు కట్టమని నాకిచ్చాడు. నేను కట్టాను. "సప్పుడు సెయ్యకు, ఊపిరి మంచిగ తీస్కో" అని డాక్టరు గొంతుతో తనకు తానే చెప్పుకుని, మళ్లీ తన గొంతుతో "సార్, కరెంటు కొడతదా?" అని అడిగాడు. అవ్వ పొయ్యి దగ్గర నుంచి వచ్చి నిలబడి నవ్వింది. చాలా రోజులకు బాపు కూడా నవ్వాడు.

"ఏమేం అడిగిండు?" అన్నాడు బాపు.

"ఎప్పుడన్న కండ్లు తిరిగి పడిపోయినవా అని అడిగిండు. నువ్వు పడలే గదా, లేదన్న. మీ ఇంట్ల ఎవరన్న నిలబడ్డోళ్లు నిలబడ్డట్టే పోయిండ్రా అని అడిగిండు. నాయినను పాము కరిచింది సార్ అన్న. అన్ని నీవే చెప్పిన, ఒక్కటి తప్పు వోలే."

చిన్నమ్మ బియ్యం చెరుగుతోంది. చాట ఆపింది. "మరి నువ్వు పడ్డవు గదా" అంది. "మొన్న నల్లా కాడ బిందె పట్టుకొనే పడ్డవు. పోయిన బతుకమ్మకు మా ఊళ్ల పడ్డవు."

"ఎండకు పడ్డ. నా సంగతి అడిగితే చెప్పెటోణ్ణి, అన్న సంగతి అడిగిండు" అని చిన్నబాపు నవ్వేశాడు. మేమూ నవ్వాం. చిన్నమ్మ మళ్లీ చాట ఎత్తింది.

రెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. బాపు పేరుకు. చిన్నబాపే మళ్లీ వెళ్లాడు. ఈసారి తిరిగి వచ్చి ఆట చూపించలేదు. వాకిట్లో నిలబడి, బాపు ముఖం చూడకుండా చెప్పాడు. గుండె బాగా లేదన్నాడట డాక్టరు. నొప్పి లేకున్నా సరే, ఏ నిమిషంలోనైనా లయ తప్పి ఆగిపోవచ్చన్నాడట. బాయి దిగొద్దు, బరువు ఎత్తొద్దు, మందు బిళ్ళలు వేసుకోవాలి, హైదరాబాద్ పెద్దాసుపత్రికి రాసిస్తాను పొమ్మన్నాడట. అన్‌ఫిట్.

ఆ కాగితంలో డాక్టరు ఏం చూశాడో అప్పుడు మాకెవరికీ తెలియదు. తర్వాత ఆ పనే చేసి బతికాను కనుక ఇప్పుడు చెప్పగలను. మామూలు గుండె ముందు చిన్న గుట్ట గీస్తుంది, తర్వాత నిటారుగా పైకి లేచే గీత, ఆ తర్వాత ఇంకో మెత్తని గుట్ట. ఆ చివరి గుట్ట గీసే సమయంలో గుండె మళ్లీ కొట్టుకోవడానికి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు అయిపోయే దాకా దాన్ని కదిలించకూడదు. జబ్బు చేసిన గుండెల్లో కొన్నిటికి ఆ వ్యవధి సాగిపోతుంది. నిటారు గీత వెడల్పై వికారంగా తయారవుతుంది. మధ్య మధ్య ఒక దెబ్బ వేళ కాకముందే తొందరపడి వచ్చి ఆ గుట్ట మీదే పడుతుంది. ముందు టబ్బు పట్టాల మీద నుంచి తప్పుకోక ముందే వెనక టబ్బును వదిలితే ఏమవుతుందో బాయి మనుషులకు చెప్పక్కర్లేదు. చాలాసార్లు ఏమీ కాదు. ఒకసారి అవుతుంది, ఆ తర్వాత గుండె కొట్టుకోదు, ఊరికే వణుకుతుంది. బస్తా మోసే భుజాలు చూసి ఆ సంగతి ఎవరూ చెప్పలేరు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో బాపును రోగిని చేశాం. అవ్వ ఉప్పు లేని కూర వండింది. ఇరుగుపొరుగు వచ్చి నిమ్మకాయలు ఇచ్చి, గొంతు తగ్గించి మాట్లాడి వెళ్లారు. బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన స్నానానికి కాగిన నీళ్లు, రెండు చేతులా రెండు బకెట్లు, ఎత్తి తెచ్చింది ఎవరో చెప్పాలా? చిన్నబాపే. "అన్నా, నువ్వు లేవకు" అంటూ తువాలు కూడా అందించేవాడు. డాక్టరు ఇచ్చిన మందు బిళ్ళలు బాపు వేసుకున్నాడు.  ఏ ఒక్క పెద్దమనిషికైనా బుద్ధి లేదా అని ఎవరిని అడగను? అందరూ పోయారు.

ఒక్క చిన్నమ్మ అడిగింది. నాలుగైదు రోజులు గడిచాక, అందరూ అన్నాలు తింటున్నప్పుడు, తడక పక్కన నిలబడి అడిగింది. "బావా, నాకొకటి తెల్వక అడుగుత. తీగలు ఎవరి మీద వెట్టిండ్రు?"

అవ్వ బాపు కంచంలో ఇంకొంచెం కూర వేసింది.

"ఈయన మీద వెట్టిండ్రు గదా. మరి గుండె ఎవరిది?"

బాపు ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. చిన్నబాపు నవ్వాడు. "పిస్సదానా, డాక్టరు ముంగట అన్న పాత కాగితాలున్నయి. గుండెనొప్పి అని పోయిన డాక్టరు రాసిపోయిండు. గది సూసి చెప్పిండు. తీగలకేం ఎరుక? మా సర్దారు గాలి కొలవకుండనే రాస్తడు సూడు, గట్లనే."

అది తెలివి తక్కువ మాట కాదు. బాయిలో గాలి తనిఖీ చేసే సర్దార్లు చూడకముందే రాసుకుని రావడం వాళ్లు కళ్లతో చూసినదే. పరీక్ష అంటే ఒక తంతు, రాసేది ముందే రాసి ఉంటుంది అని వాళ్ల అనుభవం చెప్పింది. బాపు ఊపిరి తీసుకుని "అవునవును, పాత కాగితాలే" అన్నాడు. తన రోగం తనకే ఉండాలని బాపు కోరుకున్నాడని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు నేను పెరుగు కోసం అవ్వను సతాయిస్తున్నాను.

చిన్నమ్మ ఊరుకోలేదు. "పండుకున్నప్పుడు చెయ్యి వెట్టి సూస్త నేను" అని అవ్వతో చెప్పింది. "జర ఆగుతది అక్కా. మల్ల ఒక్కపారే దుంకుతది. నాకు పరేషాన్ అయితుంది." అవ్వ బాపుతో చెప్పింది. బాపు తమ్ముణ్ణి అడిగాడు. తమ్ముడు "ఫికర్ జెయ్యకు" అన్నాడు. మళ్లీ ఈ డాక్టరు దగ్గరికి పోయినా, హైదరాబాద్ పోయినా సంగతి బయటపడుతుంది. బయటపడితే ఒకరి బదులు ఒకరు పడుకున్నందుకు ఇద్దరి బిళ్ళలూ లాక్కుంటారు, ఇద్దరి సంసారాలూ రోడ్డున పడతాయి. ఇది చిన్నబాపు లెక్క. బాపు లెక్క కూడా అదే. ఆ లెక్కలో తప్పు లేదనే అనుకున్నారు. అందులో చిన్నమ్మ భయం ఒక్కటే లేదు.

బాపుకు లాంపు రూములో పైపని ఇచ్చారు. బాయి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే లాంపును కిటికీ లోంచి అందించడం, షిఫ్టు దిగాక తిరిగి తీసుకోవడం. బాపు జాగాలో చిన్నబాపు రోజూ దిగుతున్నాడు. అంటే ప్రతిరోజూ బాపు తన చేత్తో తమ్ముడికి లాంపు ఇచ్చి కిందికి పంపుతున్నాడు. మొదట్లో ఇద్దరూ కిటికీ దగ్గర పరాచికాలు ఆడేవారట. కొన్ని రోజులు పోయాక బాపు పరాచికాలు మానేశాడు. షిఫ్టు దిగే వేళకు తలుపు బయటికి వచ్చి నిలబడేవాడు. తమ్ముడు కనబడే దాకా మిగతా వాళ్ల లాంపులు తీసుకోవడానికి లోపలికి వెళ్లేవాడు కాదు. ఆలస్యం చేస్తున్నాడని పైవాళ్లు తిట్టారు కూడా.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం అంగడికి పోయాం. బాపు, చిన్నబాపు, నేను. చిన్నబాపు ఆనపకాయ బేరం ఆడుతున్నాడు. "ఇది కాయనా, మీ అత్తనా, గింత ముదిరింది?" అని అమ్మే ఆమెను ఏడిపిస్తున్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే పడిపోయాడు. మోకాళ్లు వంగలేదు, చేతులు ముందుకు రాలేదు. బాపు దగ్గరికి వంగేలోపే కళ్లు తెరిచాడు, లేచి కూర్చున్నాడు. దుమ్ము దులుపుకుంటూ "ధర వినంగనే పానం పోయింది" అన్నాడు. ఆమె నవ్వింది. బాపు ముఖం మాత్రం నాకు గుర్తుంది. అది చలికాలం. ఎండ లేదు.

ఆ రాత్రి అన్నదమ్ములు పోట్లాడుకున్నారు. వాళ్లు పోట్లాడుకోవడం నేను వినడం అదే మొదలు, అదే చివర. పొద్దున బాపు లాంపు రూముకు పోయాడు. మొదటి షిఫ్టు వరస కదిలింది. చిన్నబాపు కిటికీ ముందుకు వచ్చి చెయ్యి చాచాడు. బాపు లాంపు పట్టుకుని ఇవ్వలేదు.

"ఈ పొద్దు వద్దు తమ్మీ."

"అన్నా, ఎనుక మంది నిలబడ్డరు. ఇయ్యి."

"నేను డాక్టరు కాడికి పోత. చెప్త."

"పోదువు తియ్యి. సాయంత్రం నేను వచ్చినంక ఇద్దరం పోదాం. ఇప్పుడియ్యి, జట్టోళ్లు దిగిండ్రు."

వరసలో వెనకవాళ్లు గొణిగారు. బాపు ఇచ్చాడు.

ఇచ్చిన తర్వాత కిటికీ దగ్గర ఉండలేకపోయాడు. పక్కమనిషికి అప్పజెప్పి ఆసుపత్రికి నడిచాడు. డాక్టరు రావడానికి ఇంకా పొద్దుంది. మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన రాగానే లేచి, "సార్, గా గుండె కాగితం మీద పేరు నాది. పండుకున్నది నా తమ్ముడు" అన్నాడట. బాపు తిట్లకు సిద్ధపడే పోయాడు. డాక్టరు తిట్టలేదు. కొంచెం సేపు బాపును పైనుంచి కిందికి చూసి, "వాడెక్కడ?" అని ఒక్కటే అడిగాడు.

"బాయిల ఉన్నడు సార్."

డాక్టరు నిలబడే ఫోన్ ఎత్తాడు. ఆ మనిషిని వెంటనే పైకి తీసుకురండి, నడిపించొద్దు, టబ్బులో కూర్చోబెట్టి తీసుకురండి అని బాయి ఆఫీసుకు చెప్పాడు. బాపు పరుగెత్తుతూ బాయి ముఖానికి వచ్చాడు. తానూ గుండెపోటు వచ్చిన మనిషినన్న మాట ఆయనకే గుర్తు లేదు.

కింద ఏం జరిగిందో జట్టువాళ్లు తర్వాత వచ్చి చెప్పారు. కబురు చిన్నబాపుకు అందింది. ఆయన పార మీద చెయ్యి ఆనించి విన్నాడు. "మా అన్న చెప్పనే చెప్పిండా?" అని నవ్వాడట. టబ్బు సగం నిండి ఉంది. సగం నిండిన టబ్బు జట్టు లెక్కలోకి రాదు. ఒకరు వదిలేసి పోతే మిగతావాళ్ల మీద పడుతుంది. మధ్యలో పార వదిలి పోవడం ఏ బదిలీ మనిషీ చెయ్యడు. చేస్తే మర్నాడు ఏ జట్టూ పిలవదు. "గీ టబ్బు నింపి వస్త, నడువుండ్రి" అన్నాడు. టబ్బు నిండింది. ఆఖరి పార వేసి, అంచు మీద చెయ్యి పెట్టుకుని అలాగే జారిపోయాడు. ఛాతీ పట్టుకోలేదు, మాట అనలేదు. దగ్గరున్నవాళ్లు మొదట వేళాకోళం చేస్తున్నాడనుకున్నారు. ఆయన ఎప్పుడూ చేసేవాడు కాబట్టి.

పైకి తెచ్చేసరికి బాపు అక్కడే నిలబడి ఉన్నాడు. తలకు ఉన్న లాంపు ఇంకా వెలుగుతోందట. బాపు దాన్ని ఆర్పాడు.

చిన్నమ్మ ఏడ్చిన ఏడుపు గురించి రాయలేను. ఒక్కటే చెప్తాను. దినాలు అయ్యేదాకా ఆమె బాపుతో మాట్లాడలేదు. లక్సెట్టిపేట నుంచి వాళ్ల అన్న వచ్చి ఆమెను తీసుకుపోయే రోజున, మూట పట్టుకుని వాకిట్లో నిలబడి, "నేను అడిగిన గదా బావా" అంది. కోపంగా అనలేదు. నిజంగానే జవాబు కావాలన్నట్టు కొంతసేపు నిలబడింది.  నేను ఆమె చీర పట్టుకుని వదలకపోతే అవ్వ నా వేళ్లు ఒక్కొక్కటిగా విప్పింది. నన్ను కూడా తీసుకుపొమ్మని ఏడ్చాను. ఆ ఇంట్లో నాకు ఎవరూ వద్దనిపించింది. మా బాపు మీద నాకు కలిగిన అసహ్యం చాలా ఏళ్లు పోలేదు, ఆయన మీద జాలి కూడా పోలేదు. రెండూ ఒకేసారి ఉండేవి.

కంపెనీకి డాక్టరు ఏమీ రాయలేదు. ఇద్దరి బిళ్ళలూ లాక్కుంటారని వాళ్లు భయపడిన భయం జరగనే లేదు. కొన్నాళ్లకు ఆయన కబురు పంపాడు, బాపును రమ్మని, ఈసారి బాపునే. బాపు కదల్లేదు. అవ్వ బతిమాలి, తిట్టి, చివరికి నన్ను తోడిచ్చి పంపింది.

గుండె మిషన్ ను నేను అప్పుడే మొదటిసారి చూశాను. బాపు అంగీ విప్పి బల్ల మీద పడుకున్నాడు. పక్కటెముకలు బయటికి వచ్చాయి. డాక్టరు పట్టీలు కట్టాడు, ఛాతీ మీద తడి రాశాడు, మిషన్ చిన్నగా గుర్రుమంది, కాగితం బయటికి రావడం మొదలైంది. డాక్టరు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, వెలుతురులో ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూశాడు. మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"పాత దెబ్బ గుర్తు ఉంది. కానీ లయ సరిగ్గా ఉంది. తొందరపడే దెబ్బ ఒక్కటీ లేదు. నీ గుండెకు అలాంటి భయమేమీ లేదయ్యా" అన్నాడు.

బాపు కప్పు కేసి చూస్తున్నాడు. "గప్పుడు నేనే పండుకుంటే సార్?"

డాక్టరు కిటికీ దగ్గర నుంచి బల్ల దగ్గరికి వచ్చాడు. కాగితం మడిచాడు, విప్పాడు. "కొన్నాళ్లు ఆగి, నిన్ను కిందికి పంపేవాణ్ణి" అన్నాడు.

నేను బాపు కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను.  పట్టీలు విప్పడానికి డాక్టరు వంగాడు. బాపు ఆయన చేయి పట్టుకున్నాడు.

"ఇంకొకపారి సూడుండ్రి సార్. మంచిగ సూడుండ్రి. ఏమన్న ఉంటది."

డాక్టరు కాదనలేదు. మళ్లీ తడి రాసి, మళ్లీ మిషన్ తిప్పాడు. మళ్లీ అవే గీతలు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, ఏ తప్పూ లేకుండా. ఆయన వాటిని బాపుకు చూపించాడు. బాపు చూడలేదు. కళ్లు మూసుకుని, చేతులు బల్లకు ఆనించి, లేవకుండా అలాగే పడుకుని ఉన్నాడు.

"ఇంకొక్కపారి సార్" అన్నాడు.